నలభై ఒక్క సైకిళ్ళు, ఒక్క జత కాళ్ళు

సావనీరుకు ఏదైనా వ్రాసి యిమ్మని అడగడానికి విద్యార్థి సంఘం వారు మా యింటికి వచ్చారు. యీ కళాశాలలోనే చదువుకుని, యిక్కడే పాఠాలు చెప్పి, 2016లో పదవీ విరమణ చేసినవాణ్ణి గనుక కాదనలేకపోయాను. ఏం వ్రాయమంటారని అడిగితే "మీ యిష్టం సార్" అన్నారు. కాఫీలు తాగి లేచాక, వారిలో ఒక అమ్మాయి పెరట్లో ఉన్న రేకుల షెడ్డు వైపు చూసి ఆగింది. "మీ దగ్గర పాత సైకిళ్ళు బోలెడు ఉండేవని మా నాన్నగారు చెప్పేవారు. అవన్నీ ఏమైపోయాయి సార్?" అని అడిగింది.

ఆమె తండ్రి గూడా నా విద్యార్థే. ఆయన చెప్పింది నిజమే. ఒకప్పుడు ఆ షెడ్డులో 41 సైకిళ్ళు ఉండేవి. యిప్పుడు 7 ఉన్నాయి. మిగతా 34 ఏమయ్యాయో చెప్పడమే యీ వ్యాసం. కథ నా సొంతమే అయినా, అందులోంచి తేలిన అభిప్రాయం పదిమందికీ చెప్పదగిందని నా నమ్మకం. అదేమిటో ముందే చెప్పేస్తాను. మనిషి తాను చూసుకోగలిగినన్ని వస్తువులే ఉంచుకోవాలి. మిగతావాటిని, తన చేతులు ఆడుతుండగానే, వాటి సంగతులు తన నోటితోనే చెప్పి, వాడుకునేవాళ్ళకు అప్పగించాలి. అలా చెయ్యకుండా పోగేసుకుంటూ పోవడాన్ని "కాపాడడం" అనుకోవడం ఉత్త భ్రమ. ఆ భ్రమలో నేను ముప్ఫై ఏళ్ళకు పైగా ఉన్నాను.

నేను 1973లో కళాశాలలో చేరినప్పుడు మన సైకిల్ స్టాండు ఎలా ఉండేదో ఆనాటి వారికి గుర్తుండే ఉంటుంది. వరసలు వరసలుగా నల్లటి సైకిళ్ళు. ఎవడో తొందరపడి తన సైకిలు లాగితే, వరస మొత్తం ఒకదాని మీద ఒకటి పడిపోయేది. స్టాండు కాసే ముసలాయన తిట్ల దండకం ఎత్తుకునేవాడు. నాదొక సెకండ్‌హ్యాండు హెర్క్యులిస్. మన విశాఖపట్నంలో మిట్టపల్లాలకు కొదవ లేదు గదా! పెదవాల్తేరు మిట్ట ఎక్కేటప్పుడు నేనే దాన్ని నడిపించుకు వెళ్ళేవాణ్ణి, దిగేటప్పుడు అది నన్ను మోసుకు వచ్చేది. చదువు అయిపోయాక 1977లో, ఉద్యోగం కోసం తిరగడానికి చార్జీలకు లేక, దాన్ని 90 రూపాయలకు అమ్మేశాను. అమ్మిన రోజున ఏమీ అనిపించలేదు. తర్వాత చాలా ఏళ్ళు అనిపిస్తూనే ఉంది.

ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, స్కూటరు కొన్నాను. ఆ రోజుల్లో అందరి సంగతీ అంతే. 1972లో లూనా వచ్చింది, 1980లో టీవీయస్ 50 వచ్చింది. యింట్లో ఒక మోపెడ్ చేరగానే, తాతల నాటి సైకిలు గోడకు చేరేది. గోడ దగ్గర్నుంచి పాత యినుప సామాన్ల కొట్టుకు చేరేది. 1984లో ఒకనాడు అలాంటి కొట్టు ముందు ఒక హెర్క్యులిస్ కనపడింది. నాదే అనుకుని గుండె ఝల్లుమంది. దగ్గరికి వెళ్ళి చూస్తే నాది కాదు. అయినా తూకం వేయించి, 60 రూపాయలిచ్చి యింటికి తెచ్చాను. అలా మొదలైంది.

ఒకసారి కన్ను పడ్డాక, చూసిన చోటల్లా సైకిళ్ళే. భీమునిపట్నంలో ఒక పాత బంగళా వెనక బీయస్సే, దాని మీద మూడు తుపాకుల గుర్తు. అనకాపల్లి బెల్లం వర్తకుల యింట్లో హంబర్, ముందు ఫోర్కు రెండేసి పాయలుగా ఉంటుందే అది. పళ్ళచక్రంలో అరచెయ్యి బొమ్మ ఉన్న రడ్జ్. కొంగ తలలున్న ర్యాలీ. వెనక చక్రం యిరుసులో మూడు గేర్లున్న స్టర్మీ ఆర్చర్ హబ్బు దొరికిన రోజున నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఆ హబ్బు మీద తయారైన సంవత్సరమూ నెలా అంకెల్లో కొట్టి ఉంటాయి. మసి తుడిచి, భూతద్దం పెట్టి "52" అని చదివినప్పుడు, నాకంటె నాలుగేళ్ళు పెద్దది గదా అని దానికి నమస్కారం పెట్టాలనిపించింది.

యిదంతా తప్పని నేను చెప్పడం లేదు. ఆ మొదటి పది పన్నెండు సైకిళ్ళూ నాకు చాలా నేర్పాయి. ర్యాలీ వారు పెడల్ యిరుసు దగ్గర అంగుళానికి 26 మరలు కోసేవారు, చాలామంది తక్కినవారు 24 కోసేవారు. అంచేత ఒకదాని కప్పు యింకోదానికి ఎక్కదు. యిలాంటి సంగతులు పుస్తకంలో చదివి కాదు, కప్పు పాడుచేసుకుని నేర్చుకున్నాను. బెండు తియ్యడం, కోను సరిచెయ్యడం, కాటర్ పిన్ను అరగదీయడం మా వీధి చివరి షాపు మేస్త్రీ దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. అంతవరకూ అది విద్య. ఆ తర్వాతే అది జబ్బయింది.

జబ్బు లక్షణం ఏమిటంటే, మనకు కారణాలు తోచడం మొదలెడతాయి. కొత్తదాన్ని తెచ్చిన ప్రతిసారీ మా ఆవిడకు చెప్పడానికి నా దగ్గర మూడు కారణాలు సిద్ధంగా ఉండేవి. మొదటిది, "స్పేర్ పార్టులకు పనికొస్తుంది." రెండోది, "యివాళ కొనకపోతే రేపు కరిగించేస్తారు." మూడోది, "పిల్లలకు ఆస్తి."

మొదటిది చూడండి. పార్టులకని తెచ్చిన సైకిలుకు మళ్ళీ పార్టులు కావలసి వచ్చేవి. దానికోసం యింకొకటి. నిజానికి పాత సైకిలుకు ముఖ్యంగా కావలసినవి కరువేం కాలేదు. 28 అంగుళాల పెద్ద చక్రం టైరు యీనాటికీ మన పల్లెటూరి షాపుల్లో అమ్ముతారు. విదేశాల్లో పాత ర్యాలీలు తొక్కేవాళ్ళు గూడా మనదేశపు టైర్లు తెప్పించుకుంటారు. నాటింగ్‌హామ్‌లో స్టర్మీ ఆర్చర్ కంపెనీ 2000లో మూతబడ్డా, ఆ పేరూ యంత్రాలూ తైవాన్ వారు కొనుక్కుని మూడు గేర్ల హబ్బులు చేస్తూనే ఉన్నారు.

రెండోది "రక్షణ". యిది కాస్త నిజం, చాలా అహంకారం. లోకంలో పాత సైకిళ్ళకు నేనొక్కణ్ణే దిక్కని ఎవరు చెప్పారు నాకు? పైగా నేను రక్షించినవాటిలో సగం ఒకటే సైకిలు! నవ్వకండి. హంబర్ సైకిళ్ళ వ్యాపారాన్ని 1932లోనూ, రడ్జ్‌ని 1943లోనూ ర్యాలీ కంపెనీయే కొనేసింది. ఆ తర్వాత అవన్నీ ఒక్క కంపెనీ గొడుగు కిందివే. చక్రంలో కొంగ తల బదులు ఒకదానికి అరచెయ్యి, యింకోదానికి మనుషుల బొమ్మలు, అంతే. ఆ మాట తెలిసి గూడా, "హంబర్ ఉంది గాని ఆకుపచ్చ హంబర్ లేదు" అనుకుంటూ తిరిగాను.

మూడోది పిల్లల మాట. మా అబ్బాయిని ఎన్నడైనా అడిగానా? అడగలేదు. వాడిది బెంగుళూరులో మూడో అంతస్తు ఫ్లాటు.

యిక షెడ్డు సంగతి. సైకిలు అనేది నిలబెడితే చచ్చిపోయే యంత్రం. తొక్కుతూ ఉంటే యిరుసులో గ్రీజు అన్నివైపులా తిరుగుతుంది. నిలబెడితే అది ముదురు పాకంలా గట్టిపడి, గుళ్ళ మధ్య తడి చేరుతుంది. గాలి దిగిన టైరు నేలకు ఆనిన చోట బీటలు పడుతుంది. తోలు సీటు ఎండి, ఒకనాడు కూర్చోగానే చిరుగుతుంది. దానికితోడు మనది సముద్రపు గాలి. ఉప్పుగాలికి నికెలు పూత కింద తుప్పు పొక్కులు లేస్తాయి. నెలకొకసారి 41 సైకిళ్ళకు గాలి కొట్టి, నూనె వేసి, గుడ్డతో తుడవాలంటే ఎంత పనో లెక్క వేసుకోండి. సైకిలుకు గంట చొప్పున వేసుకున్నా 41 గంటలు. అంటే నెలలో అయిదు పనిదినాలు. నేను యేడాదికి గూడా అన్ని గంటలు పెట్టిన పాపాన పోలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరి మీద విరుచుకుపడ్డ రోజు ఎవరు మరిచిపోగలరు? మన క్యాంపసులో చెట్లు ఎలా పడి ఉన్నాయో చూసినవాళ్ళకు కళ్ళకు కట్టినట్టుంటుంది. ఆ రోజు మా షెడ్డు రేకులు ఎగిరిపోయాయి. ఒక గోడ కూలి సైకిళ్ళ మీద పడింది. కరెంటు లేదు, నీళ్ళు లేవు, పాలు లేవు. ఊరు ఊరంతా అవస్థలో ఉంటే సైకిళ్ళ గురించి ఏడవడానికి నాకే సిగ్గేసింది. పదిరోజుల తర్వాత మేస్త్రీని పిలుచుకొచ్చి చూపించాను. "తుఫాను నా సైకిళ్ళను పాడుచేసింది" అన్నాను.

ఆయన ఒక్కొక్క చక్రం తిప్పి చూశాడు. కొన్ని కదలనే లేదు. "తుఫాను పేరెందుకు సెప్తారు మేస్టారూ? యిది పదిరోజుల తుప్పు కాదు. పదేళ్ళ తుప్పు" అన్నాడు. కాసేపాగి, "ఆకలేసినోడు కంచంలో అన్నం తింతాడు గాని, గంపలు గంపలు వండించి మూల పెట్టుకుంతాడేటి?" అన్నాడు.

ఆ మాటతో నాకు బుద్ధి వచ్చిందని వ్రాస్తే బాగానే ఉంటుంది గాని, రాలేదు. రేకులు మళ్ళీ వేయించాను. తర్వాత నాలుగేళ్ళలో యింకో ఆరు కొన్నాను.

నాకు కళ్ళు తెరిపించింది 2019లో ఒక మిత్రుని మరణం. ఆయనది గోదావరి జిల్లా. నాకంటె పెద్ద సేకర్త, నాకంటె తెలిసినవాడు. ఒక సైకిలు తాడు కట్టి తిప్పి చూస్తేనే యిది ఏ దశాబ్దంలోదో చెప్పగలిగేవాడు. వారింట్లో యిరవైకి పైగా సైకిళ్ళు ఉండేవి. పార్టులన్నీ బిస్కట్టు డబ్బాల్లో పెట్టి ఉండేవి. ఆయన పోయిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసి, పన్నెండో రోజు దాటాక వెళ్ళాను. పెరడు ఖాళీగా ఉంది. పాత యినుము కొనే బండి వచ్చి, ఒక్క మధ్యాహ్నంలో అన్నీ తూకానికి పట్టుకుపోయిందట. డబ్బాలతో సహా.

వారి కుటుంబాన్ని నేను ఒక్క మాట అనను. అద్దె యిల్లు ఖాళీ చెయ్యాలి, ఆసుపత్రి బాకీలు ఉన్నాయి. ఏది ఏమిటో ఆయన ఎవరికీ చెప్పలేదు. ఏ డబ్బాలోది ఏ సైకిలుదో ఆయన బుర్రలో ఉంది, బుర్రతోపాటే పోయింది. "మీకు కావాలని తెలిస్తే ఉంచేవాళ్ళం అన్నయ్యగారూ" అని వారి భార్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. తిరుగు ప్రయాణంలో రైల్లో కూర్చుని ఆలోచించాను. ఏ కొట్టు ముందు నుంచి నేను మొదటి సైకిలు తెచ్చానో, నా 41 సైకిళ్ళూ ఏదో ఒకనాడు అదే కొట్టుకు పోతాయి. మధ్యలో ముప్ఫయ్యేళ్ళు మా షెడ్డులో తుప్పు పట్టడమే నేను చేసిన రక్షణ.

యింటికి రాగానే ఒక లాంగ్ నోట్‌బుక్కు కొన్నాను. ఒక్కొక్క సైకిలుకు ఒక పేజీ. ఫ్రేము నంబరు, హబ్బు మీది సంవత్సరం, ఎక్కడ దొరికింది, ఎవరు తొక్కేవారు, ఏది అసలుది, ఏది నేను మార్చింది, అన్నీ వ్రాశాను. అదివరకు నా దగ్గర ఎన్ని ఉన్నాయో గూడా నాకు సరిగ్గా తెలియదు. ముప్ఫై పైచిలుకు అనుకునేవాణ్ణి. ఆ పని చేసేటప్పుడే 41 అని తేలింది. ఆరింటి గురించి వ్రాయడానికి నాకు ఒక్క వాక్యం గూడా తోచలేదు. ఎక్కడ కొన్నానో గుర్తు లేదు. సొంత వస్తువు సంగతి సొంతదారుకే తెలియకపోతే, అది ఉన్నా లేనట్టే గదా!

తర్వాత మూడు నియమాలు పెట్టుకున్నాను. రెండేళ్ళుగా తొక్కనిది పోవాలి. ఒకేలాంటివి రెండుంటే ఒకటి పోవాలి. సగం పార్టులు లేనిది "ఎప్పుడో బాగుచేస్తాను" అనే అబద్ధం మాని, వెంటనే పోవాలి. యీ మూడోరకం 9 తేలాయి. వాటిని మేస్త్రీకి యిచ్చేశాను. ఆయన విప్పి, పనికొచ్చేవి ఏరి, ఎన్నో సైకిళ్ళకు ప్రాణం పోశాడు. 14 అమ్మాను. 11 ఊరికే యిచ్చాను.

అమ్మకంలో లాభం వచ్చిందా అని అడిగే వాణిజ్యశాస్త్రం మిత్రులకు ఒక మాట. కొన్న ధర కంటె అమ్మిన ధర ఎక్కువే. కాని షెడ్డు, రేకులు రెండుసార్లు, పెయింటు, నూనె, ఓరాయిలింగులు కలిపితే ఎక్కడో మునిగాను. పాత సైకిలు పెట్టుబడి అని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఊరికే యివ్వడం అమ్మడం కంటె కష్టం. ఒక కుర్రవాడు బతిమాలి తీసుకువెళ్ళి, వారం తిరక్కుండా అమ్మేసుకున్నాడు. యింకొకతను, ఎంతో ముచ్చటపడి తీసుకున్న రడ్జ్‌కి, నల్లటి ఎనామెలు మీద, బంగారు గీతల మీద, చిలకపచ్చ పెయింటు కొట్టించాడు. అది చూసి రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. మా ఆవిడ మాత్రం "అతను రోజూ తొక్కుతున్నాడా లేదా?" అని అడిగింది. తొక్కుతున్నాడు. కంచరపాలెం నుంచి పనికి, వెళ్ళడానికీ రావడానికీ. "మీ దగ్గర నల్లగానే ఉంది, కదలకుండా" అంది. యిచ్చాక అది మనది కాదని ఒప్పుకోవడమే యివ్వడంలో అసలు పని. షరతులు పెట్టి యిస్తే అది యివ్వడం కాదు, వేరేవాళ్ళ యింట్లో దాచుకోవడం.

2020 వేసవి వచ్చింది. లాక్‌డౌన్‌లో బస్సులు, ఆటోలు ఆగిపోయాయి. మా వీధిలో ఆసుపత్రి ఆయా ఒకామె, అపార్టుమెంటు వాచ్‌మన్ ఒకతను, యింకా ముగ్గురు, పనికి నడిచి వెళ్ళి నడిచి వస్తున్నారు. మేస్త్రీ నేను కలిసి అయిదు సైకిళ్ళు సిద్ధం చేశాం. ముప్ఫయ్యేళ్ళలో మొదటిసారి నా షెడ్డులోని సైకిళ్ళ వల్ల ఒకరి కాళ్ళ నొప్పి తగ్గింది. ఆయా సైకిలు రాడ్డు లేని లేడీస్ ర్యాలీ. దాని మీద పేజీన్నర వ్రాసి పెట్టుకున్నాను. ఆమెకు అందులో ఒక్క ముక్క అక్కర్లేదు. బ్రేకు పడుతుందా లేదా అనే అడిగింది.

అన్నిటికంటె బరువైనది చివరికి వచ్చింది. మా నాన్నగారు చోడవరం దగ్గర పల్లెలో ఎలిమెంటరీ స్కూలు టీచరు. 1958లో ఆసన్‌సోల్‌లో తయారైన సేన్-ర్యాలీ కొని, రిటైరయ్యేదాకా బడికి దాని మీదే వెళ్ళారు. ఆయన పోయాక, 1991లో, కర్మలు ముగిసిన మర్నాడు, "నాన్న జ్ఞాపకంగా నా దగ్గర ఉంటుంది" అని ఆ సైకిలు బస్సు టాపు మీద వేయించుకుని విశాఖపట్నం తెచ్చేశాను. మా తమ్ముడు ఊళ్ళోనే ఉండి, నాన్నగారిని చివరిదాకా చూసుకున్నవాడు. అప్పటికి ఆ సైకిలు తొక్కుతున్నదీ వాడే. నేను తీసుకుపోతుంటే ఒక్క మాట అనలేదు. పెద్దవాణ్ణి గదా!

దాన్ని షెడ్డులో అన్నిటికంటె ఎత్తున, కొక్కేలకు వేలాడగట్టాను. రోజూ దండం పెట్టేవాణ్ణి. ఒక్కసారి తొక్కలేదు. నోట్‌బుక్కులో దాని పేజీ వ్రాస్తూ "ఎవరు తొక్కేవారు" అన్నచోట నాన్నగారి పేరు వ్రాసి, కింద తమ్ముడి పేరు వ్రాయవలసి వచ్చేసరికి కలం ఆగిపోయింది. నేను దీన్ని సేకరించలేదు, లాక్కున్నాను. 28 ఏళ్ళు పట్టింది ఆ మాట అనుకోడానికి. యింకో రెండేళ్ళు పట్టింది ఆ మాట ప్రకారం చెయ్యడానికి.

2021 సంక్రాంతికి దాన్ని శుభ్రం చేయించి, కొత్త టైర్లు వేయించి, ఊరికి పట్టుకెళ్ళాను. "నీదిరా యిది, నేను తీసుకుపోకుండా ఉండవలసింది" అన్నాను. వాడు సీటు మీద చెయ్యి వేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "బెల్లు మార్చేశావేం అన్నయ్యా?" అన్నాడు. నాన్నగారి బెల్లు తుప్పు పడితే నేనే తీసి పారేసి, "యింగ్లీషు బెల్లు" వేశాను. అది నేను మరిచిపోయాను, వాడు మరిచిపోలేదు. కనుమ నాడు పొద్దున్నే చూస్తే ఆ సైకిలు కేరియరుకు పచ్చగడ్డి మోపు కట్టి పొలం నుంచి వస్తున్నాడు. ముప్ఫయ్యేళ్ళు గుడిలో పెట్టిన దేవుడిలా పెట్టానే అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. నాన్నగారు గూడా గడ్డిమోపు తెచ్చేవారు.

యిక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. చరిత్రశాఖ మిత్రులొకరు నాతో వాదించారు గూడా. "అందరూ మీలా పంచేస్తే రేపటివాళ్ళకు చూడ్డానికి ఏం మిగులుతుంది? మ్యూజియములు అక్కర్లేదా?" అని. అక్కర్లేదని ఎవరన్నారు? పుణెలో ఒక సేకర్త సైకిళ్ళకోసమే మ్యూజియం పెట్టారు. చోటు, జాబితా, చూసుకునే మనుషులు, నలుగురూ వచ్చి చూసే తలుపు ఉంటే అది మ్యూజియమే. తాళం వేసి, మనమొక్కళ్ళమే లోపలికి వెళ్ళే షెడ్డును మ్యూజియం అనుకోవడం దగ్గరే తగాదా. నా దగ్గరున్నది రెండోది.

యింకొక సంగతి. మనం "అరుదైనవి" అని దాచేవన్నీ యింగ్లండు పేర్లే. మన జనం నిజంగా తొక్కినవి మాత్రం మనవే. మద్రాసులో 1949లో టీఐ సైకిల్స్ మొదలైంది, సోనీపట్‌లో 1951లో అట్లాస్, లూధియానాలో 1956లో హీరో. మా నాన్నగారి సేన్-ర్యాలీ కంపెనీ 1980లో జాతీయమై, ఆ తర్వాత మూతపడింది. అట్లాస్ వారి చివరి ఫ్యాక్టరీ సాహిబాబాద్‌లో 2020 జూన్ 3న ఆగిపోయింది. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం! పాలవాళ్ళు, పోస్టుమాన్లు, పంతుళ్ళు తొక్కిన ఆ అట్లాసును ఎవడూ దాచలేదు, ఎక్కడపడితే అక్కడ ఉందని. అందుకని నేను ఉంచుకున్న 7లో ఒకటి మామూలు అట్లాస్. దానికోసం ఒక మంచి హంబర్‌ను వదులుకున్నాను. మేస్త్రీ నవ్వాడు. కాని తగ్గించుకునేటప్పుడే మనిషికి ఏది ఎందుకు కావాలో తెలుస్తుంది. 41 ఉన్నప్పుడు నేను ఎంచుకోవలసిన అవసరమే రాలేదు, అన్నీ ఉన్నాయి గదా అని.

యీ 7 గూడా ఎక్కువేనని నాకు తెలుసు. వారానికి ఏడు రోజులు, రోజుకొకటి అని మా ఆవిడకు నచ్చజెప్పాను. మోకాళ్ళు అంతకంటె తక్కువే ఒప్పుకుంటున్నాయి. వచ్చే యేడు నాలుగు చేస్తాను.

ఆఖరుగా మన కళాశాల సంగతి. ఊరికే యిచ్చిన 11లో ఒకటి తమ్ముడికి, అయిదు మా వీధివాళ్ళకు పోగా, మిగతా అయిదూ నిరుడు కళాశాలకు యిచ్చాను. ప్రస్తుతం అవి వర్క్‌షాపు వెనక గదిలో ఉన్నాయి. యిచ్చాక షరతులు పెట్టకూడదని యిందాక నేనే వ్రాశాను గనుక, షరతు పెట్టను. విద్యార్థి సంఘానికి ఒక విన్నపం మాత్రం చేస్తాను. వాటిని అద్దాల వెనక పెట్టి, నా పేరుతో బోర్డు తగిలించవద్దు. ఒక రిజిస్టరు పెట్టండి. హాస్టలు నుంచి లైబ్రరీకి, బీచి రోడ్డుకు ఎవరికి కావలిస్తే వారు సంతకం చేసి తీసుకువెళ్ళనివ్వండి. పాడైతే బాగుచేసుకోవడం నేర్చుకోండి. మూడు గేర్ల హబ్బు విప్పి, మళ్ళీ బిగించడం వచ్చిన మెకానికల్ విద్యార్థికి, గేర్ల పాఠం పుస్తకంలో చదవనక్కర్లేదు. సైకిలు దొరకవచ్చు, దాన్ని విప్పగల చెయ్యి దొరకడం కష్టం. మా మేస్త్రీకి డెబ్భై దాటాయి. షాపు పక్కన ఆయన దగ్గర నేర్చుకునే కుర్రాడు ఎవడూ లేడు. నిజంగా కాపాడవలసింది ఏదన్నా ఉంటే అది ఆ విద్య.

ఒక యేడాదిపాటు ఎవరూ ఆ సైకిళ్ళను ముట్టుకోకపోతే, మొహమాటపడకుండా వాటిని తొక్కేవాళ్ళకు యిచ్చేయండి. నాకు చెప్పనక్కర్లేదు.

పూర్వ విద్యార్థి మిత్రులకు ఒక మాట. మీ యిళ్ళల్లో సైకిళ్ళు లేకపోవచ్చు. పుస్తకాలుంటాయి, రేడియోలుంటాయి, గ్రామఫోను రికార్డులుంటాయి, నాన్నగారి చేతివ్రాత కాగితాలుంటాయి. ఒక నోట్‌బుక్కు కొని, ఒక్కొక్కదానికి ఒక పేజీ వ్రాయండి. వ్రాయడానికి ఏమీ తోచనివి ఏవో, మీవి కాకుండా మీ దగ్గర ఉన్నవి ఏవో, పేజీలే చెబుతాయి.

వ్యాసం పూర్తి చేసి, అడిగిన అమ్మాయికి ఫోను చేశాను. మీ నాన్నగారు చెప్పిన సైకిళ్ళు ఏమయ్యాయో వ్రాశానమ్మా అన్నాను. "మాకు గది తాళంచెవి యిప్పించారు సార్. అయిదింటిలో మూడు కదలడం లేదు" అంది. నేను యిచ్చి ఒక్క యేడాదే అయింది!

యీ ఆదివారం పొద్దున ఏడు గంటలకు వర్క్‌షాపు వెనక గదికి నేనూ మేస్త్రీ వస్తున్నాం. రాదలచినవాళ్ళు పాత గుడ్డలు తెచ్చుకోండి. పంపు, నూనె మేము తెస్తాం.